మీ అటక మీద ద్వారం వారు ఉన్నారేమో, ఒక్కసారి చూడండి

"అన్నా, శాస్త్రీయ సంగీతం పాత రికార్డులు ఎక్కడ కొనాలి?" అని నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఏదో కొట్టు పేరు చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం ముందు మన విజయనగరంలోనే వెతకమంటాను. కొట్లలో కాదు, ఇళ్లలో.

1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అదే ఏడాది ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పడానికి వచ్చారు, 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, సుశీల ఇక్కడ చదువుకున్నవాళ్లే. అలాంటి ఊళ్లో సంగీతం నేర్చుకున్న ఇళ్లు ఎన్ని ఉండాలి, ఆ ఇళ్లలో గ్రామఫోను ప్లేట్లు ఎన్ని ఉండాలి? తాతగారి ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేసిన రోజున అటక దులుపుతారు. ఇత్తడి బిందెలు ఒక పక్క, ప్లేట్లు ఒక పక్క. సాయంత్రానికి రెండూ పాత సామాన్ల కొట్టులో ఉంటాయి.

కిందటేడు అలాంటి కొట్లోనే, విరిగిన కూలర్ కింద మూడు ప్లేట్లు కనబడ్డాయి. కొట్టాయన తీసుకుపొమ్మన్నాడు. "ఇనుమూ కాదు, ప్లాస్టిక్కూ కాదు, తూకానికి పనికిరావు బాబూ. ఏటి సేసుకుంతారు ఈటితోటి?" అన్నాడు. అందులో ఒకటి రెండు ముక్కలై ఉంది. దుమ్ము తుడిచి చూస్తే వయొలిన్ అన్న మాట ఒక ముక్క మీద, ద్వారం వారి పేరులో సగం ఇంకో ముక్క మీద. ఆయన పాఠం చెప్పిన ఊళ్లోనే ఆయన ప్లేటుకి ఆ గతి పట్టింది. ఆ ముక్కలు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి, పారెయ్యడానికి చెయ్యి రాలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. పాత ప్లేట్లు లక్కతో చేసినవి, నిమిషానికి 78 సార్లు తిరుగుతాయి, పక్కకి మూడు నిమిషాల చిల్లర మాత్రమే పాడతాయి. రాగం, కీర్తన, స్వరం అన్నీ ఆ మూడు నిమిషాల్లో ఇమిడ్చి వాయించడం ఒక విద్య, ఈ కాలం రెండు గంటల కచేరీలో అది వినబడదు. వీటికి గాడి వెడల్పు ఎక్కువ కాబట్టి వేరే సూది ఉండాలి. ఎల్పీ (తర్వాత వచ్చిన లాంగ్ ప్లే రికార్డు) సూదితో వేస్తే గరగరలాడుతుంది, పైగా సూదీ పాడవుతుంది. ఇంకో సంగతి, లక్క ప్లేటుని స్పిరిట్‌తో తుడవకండి, కరిగిపోతుంది. ఎల్పీలు వినైల్ అనే ప్లాస్టిక్‌వి, కింద పడినా అంత తేలిగ్గా విరగవు, కానీ ఎండకి వంకరపోతాయి. కొనే ముందు ప్లేటుని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని వెలుగులో చూడండి. గీత పడిన చోట గోరు పెట్టి మెల్లగా లాగండి. గోరుకి తగిలితే సూదికీ తగులుతుంది. మధ్య కన్నం చుట్టూ సన్నటి గీతలు చాలా ఉంటే అది బాగా వాడిన ప్లేటని అర్థం.

ఈ ఊళ్లో నాకు ఎక్కువగా దొరికేవి ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారివి. 1963లో వచ్చిన సుప్రభాతం ఎల్పీ చాలా ఇళ్లలో ఉంటుంది, కానీ రోజూ పొద్దున్నే వేసి వేసి అరిగిపోయి ఉంటుంది. అదే ఇంట్లో వీణ రికార్డు, వయొలిన్ రికార్డు కొత్తవాటిలా ఉంటాయి. అవి వదలకండి.

ఆన్‌లైన్‌లో నేను ఒక్కసారే కొన్నాను. "కొత్తదానిలా ఉంది" అని రాశారు. వచ్చిన ఎల్పీ అప్పడంలా లేచి ఉంది, సూది అలల మీద తెప్పలా ఎగిరింది. మెసేజ్ పెడితే జవాబు లేదు. చేత్తో పట్టుకుని చూడనిది కొనకూడదని ఆరోజే తేల్చుకున్నాను. ఊరు దాటి వెళ్లగలిగితే కోల్‌కతా వెళ్లండి. మన స్టేషన్‌లోనే హౌరా మెయిల్ ఎక్కొచ్చు. గ్రామఫోన్ కంపెనీ వాళ్ల డమ్‌డమ్ ఫ్యాక్టరీ 1928 నుంచీ రికార్డులు అచ్చేసిన నగరం అది. అక్కడి ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల కొట్లలో రవిశంకర్, విలాయత్ ఖాన్ లాంటి హిందుస్తానీ సితార్ విద్వాంసుల రికార్డులు చూడొచ్చు. కర్ణాటక సంగీతానికి మాత్రం అంత దూరం అక్కర్లేదు.

ఒక్క విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది. రికార్డు మధ్యలో ముళ్లు బిగించి గోడ గడియారాలు చేసి అమ్ముతున్నారు. ఒక మనిషి ముప్పై ఏళ్ల సాధన అందులో ఉంది. గడియారానికి ప్లైవుడ్ చాలదా?

అలాగే దయచేసి పెద్దవాళ్ల దగ్గర బేరం ఆడకండి. నేను వెళ్లిన ఒకింట్లో మామ్మగారు డబ్బు మాటే ఎత్తలేదు. "ఒకసారి మోగించి వినిపించు నాయనా, తర్వాత పట్టుకెళ్లు" అన్నారు. మర్నాడు నా ప్లేయర్ మోసుకెళ్లాను. ఆవిడ పీట మీద కూర్చుని రెండు పక్కలూ విన్నారు, వేళ్లతో తాళం వేస్తూనే ఉన్నారు. రికార్డు ఆగాక మళ్లీ మొదటి పక్క వెయ్యమన్నారు. ఆ రికార్డు నేను తెచ్చుకోలేదు. పాత ప్లేయర్ ఒకటి బాగు చేయించి ఆవిడ దగ్గరే పెట్టాను.

ఈ ఆదివారం కంటోన్మెంట్ వైపు ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తున్నారు, అటక మీద రెండు ట్రంకుపెట్టెలు ఉన్నాయట. టార్చిలైటు, మెత్తటి బట్ట, అట్టపెట్టెలు పట్టుకుని పొద్దున్న ఏడింటికి బయల్దేరుతున్నాను. ప్లేట్లు దించడానికి ఇంకో రెండు చేతులు కావాలి. వచ్చేవాళ్లు మెసేజ్ పెట్టండి.