ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి లోపల చూడండి

మా బావకి గుంటూరు బ్రాడీపేటలో చిన్న ఫొటో స్టూడియో ఉంది, పెళ్ళి ఆల్బమ్‌లన్నీ ఒక్క కంప్యూటర్ మీదే డిజైన్ చేస్తాడు. ఈ వేసవిలో దాని సి డ్రైవ్, అంటే విండోస్ ఉండే డిస్కు, మూడుసార్లు నిండిపోయింది. మొదటి రెండుసార్లూ రిపేరు షాపు వాళ్ళు వైరస్ అని చెప్పి ఫార్మాట్ కొట్టేశారు, అంటే ఆ డ్రైవ్ మొత్తం తుడిచేశారు. మూడోసారి ఏకంగా, ఈ ఎస్‌ఎస్‌డీ డిస్కు చాలదు, పెద్దది వేయించుకోండి అన్నారు. రెండో ఫార్మాట్‌లో డెస్క్‌టాప్ మీదున్న ఆల్బమ్ ఒకటి మొత్తం పోయింది. డెస్క్‌టాప్ కూడా సి డ్రైవ్‌లో భాగమేనని బావకి తెలియదు, కానీ ఫార్మాట్ కొట్టేవాడికి తెలుసు కదా, ఒక్క మాట అడగాలి కదా! పెళ్ళివాళ్ళకి ఇచ్చిన మాట కోసం రెండు రాత్రులు నిద్ర మానుకుని మళ్ళీ మొదటి పేజీ నుంచి చేశాడు. నాకు మండింది అక్కడే.

అందుకే మూడోసారి నేనే వెళ్ళి కూర్చున్నాను. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 223 అనే కనిపిస్తుంది, అందులో మోసమేమీ లేదు, తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. ఆ 223లో ఖాళీ ఉన్నది 4. విజ్‌ట్రీ అనే ప్రోగ్రామ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే ఏ ఫోల్డర్ ఎంత తింటోందో కొన్ని సెకన్లలో పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా చూపిస్తుంది. నడుస్తున్న పనిని దాచి కంప్యూటర్‌ని నిద్రపుచ్చడానికి విండోస్ వాడే హైబర్నేషన్ ఫైల్ 6 జీబీ పైనే ఉంది. ర్యామ్, అంటే పని చేస్తున్నంతసేపు వాడే మెమరీ, 16 జీబీ ఉంటే ఈ ఫైల్ మామూలుగా అందులో 40 శాతం ఉంటుంది, కాబట్టి అది దొంగ కాదు. విండోస్ సొంత ఫైళ్ళుండే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ కూడా భయపెట్టేంత పెద్దగా కనిపిస్తుంది, దాన్ని మాత్రం చేత్తో డిలీట్ చేయకండి, విండోస్ దాని మీదే నడుస్తుంది.

పెద్దగా ఉన్నది వేరు, పెరుగుతున్నది వేరు. మనం పట్టుకోవాల్సింది పెరిగేదాన్ని. కాసిని పాత ఫొటోలు బయటి డిస్కులోకి మార్చి కొంచెం చోటు చేసి, రోజూ పొద్దున, రాత్రి ఎంత ఖాళీ ఉందో కాగితం మీద రాయమన్నాను. రెండు రోజులు అంకె కదల్లేదు. మూడో రోజు సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయింది. మర్నాడు పొద్దున చూస్తే 14 జీబీ మాయం!

తాత్కాలిక ఫైళ్ళుండే టెంప్ ఫోల్డర్ తెరిచాం. ఏడు ఫైళ్ళు, ఒక్కొక్కటి 8 నుంచి 15 జీబీ. తేదీలు చదువుతుంటే బావే అన్నాడు, "ఇవన్నీ పని మధ్యలో కరెంటు పోయిన రోజులేరా" అని. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి ర్యామ్ చాలకపోతే డిస్కు మీద తాత్కాలిక ఫైల్ పెట్టుకుంటుంది, సరిగ్గా మూసేటప్పుడు తానే తీసేస్తుంది. కరెంటు టక్కున పోతే తీసేవాళ్ళెవరు? అలాగే పడి ఉంటుంది. మరి కరెంటు పోయినా కాసేపు కంప్యూటర్‌ని నడిపే యూపీఎస్ ఏమైంది అంటే, బ్యాటరీ చచ్చిపోయి ఏడాదయిందట. డిస్కు నిండటానికి అసలు కారణం బల్ల కింద దుమ్ము పట్టిన ఆ పెట్టె!

ఫార్మాట్ కొడితే ఖాళీ వస్తుంది, నిజమే, కానీ ఆ ఫైళ్ళతో పాటు వాటి తేదీలు కూడా పోతాయి, అంటే కారణం తెలుసుకునే దారే మూసుకుపోతుంది. రెండుసార్లు జరిగింది అదే. డబ్బులు తీసుకునేవాళ్ళు పది నిమిషాలు లోపల చూసి, ఇదిగో చోటు తింటున్నది ఇది అని స్క్రీన్ మీద చూపించాలి. చూపించకపోతే మనం గట్టిగా అడగాలి, మొహమాటపడొద్దు.

సాఫ్ట్‌వేర్ మూసి ఆ ఏడు ఫైళ్ళూ తీసేశాం, తాత్కాలిక ఫైళ్ళ చోటు డి డ్రైవ్‌కి మార్చాం, యూపీఎస్‌కి 12 వోల్టుల కొత్త బ్యాటరీ వేయించాం. ఇప్పుడు సి డ్రైవ్‌లో 96 జీబీ ఖాళీ. మొన్న మళ్ళీ గాలివానకి కరెంటు పోయింది. బావ ఫైల్ సేవ్ చేసుకుని, సాఫ్ట్‌వేర్ మూసి, కంప్యూటర్ ఆపి ఇంటికి వెళ్ళాడట. పొద్దున ఫోన్ చేసి అంకె చదివాడు, 96.