పదకొండు కిలోల అవ్వ

ఇప్పుడే మామయ్యతో మాట్లాడి ఫోను పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. శాలిబండ ఇంటి నుంచి తెచ్చిన ట్రంకుపెట్టె ఎక్కడుందని అడిగాను. "అన్నీ ఉర్దూ కాగితాలేనే అమ్మాయీ, ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లవాడికి వేసేశాను" అన్నాడు. పెట్టెను మాత్రం ఉంచుకున్నాడు. ఇనుము కదా, విలువ తెలిసిన మనిషి!

మూసీ అవ్వ ఎవరో తెలిసే దారి ఆ పెట్టె ఒక్కటే. 1908 సెప్టెంబరు 28 హైదరాబాద్ మూసీ వరదలో ఎక్కడి నుంచో వచ్చి మా ముత్తాత ఇంట చేరిందట. ఏ ఊరో, ఎవరి పిల్లో, అసలు పేరేమిటో ఎవరూ చెప్పరు. అఫ్జల్‌గంజ్ చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారు కదా, అవ్వ కూడా ఆ చెట్టు మీదిదేనని అమ్మమ్మ ఒకసారి అనేది, కాదు పురానాపూల్ దగ్గర దొరికిందని ఇంకోసారి. గుచ్చి అడిగితే "నీకెందుకు, అన్నం తిను" అనేది. పెత్రమాసనాడు మాత్రం అందరి విస్తళ్లూ అయ్యాక, మూలన ఇంకొకటి వేసేది.

ఆ పెట్టెలో ఒక కాగితం ఉండేది. దాని మీద 1320 ఫసలీ అని, అంటే నిజాం కాలపు సర్కారీ లెక్కలో సంవత్సరం, ఉందని తాతయ్య చదివి చెప్పాడు. 590 కలపండి, 1910. కింద వేలిముద్ర. ముత్తాతకు చక్కగా సంతకం వచ్చు. మరి ఆ వేలు ఎవరిది?

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లమని సలహా ఇవ్వకండి. నిజాం కాలం దస్త్రాలు అక్కడ గుట్టలుగా ఉన్నాయి, నాకూ తెలుసు. పేరే లేని మనిషిని ఏ గుట్టలో వెతకను?

ఇదే మామయ్య మొన్న గృహప్రవేశానికి మనిషెత్తు ఫ్లెక్సీ మీద వంశవృక్షం వేయించాడు. ఏడు తరాల మగవాళ్లు. ఒక్క ఆడపేరు లేదు, అమ్మమ్మది కూడా. కొమ్మలు వాటంతటవే మొలిచాయి కాబోలు. వేర్ల దగ్గర ఎమ్మెల్యే ఫొటో మాత్రం ఉంది.

అయినా ఈయనకు ఆడవాళ్లను జాబితాలోంచి తీసేయడం కొత్తా? 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా అప్పటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇచ్చింది. పెళ్లికాని వాళ్లకే. అమ్మ పెళ్లి ముందు ఏడాదే అయిపోయింది. 1996లో శాలిబండ ఇల్లు అమ్మిన రోజున, "నీ పెళ్లి తొందరగా చేసి మంచి పని చేశాం అక్కా" అని నలుగురిలో నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

కాగితాలు ఎంత తూగాయి మామయ్యా అని అడిగాను. గుర్తుందండీ ఆయనకు. పదకొండు కిలోలట. దుకాణం కాచిగూడలో, తొమ్మిదింటికి తెరుస్తారు. ఎనిమిదిన్నరకే షట్టరు ముందుంటాను.