‘చివరిగా ఒక్క మాట’ గారికి, మన్ననూరు గేటు దగ్గర తెల్లవారినవాడు రాయునది

గౌరవనీయులైన ‘చివరిగా ఒక్క మాట’ గారికి,

నమస్కారాలు. మొన్న ఆదివారం సాయంత్రం అచ్చంపేట దగ్గర మా అత్తగారి ఊరి చర్చిలో, పాస్టరుగారి నోటి నుంచి తమరు సరిగ్గా 7:25కి వెలువడ్డారు. టైము ఎట్లా గుర్తుందంటే, తమరు వినపడగానే చాపమీద తిమ్మిరెక్కిన కాలు చాపి, కారు తాళం తీసి చేతిలో పట్టుకున్నాను. ప్రసంగం 8:20కి అయిపోయింది. అప్పటికి తాళం గుర్తు అరచేతిలో అచ్చు పడింది.

ఐదింటి ఆరాధన సౌండుబాక్సుల అబ్బాయి కోసం ఆగి ఆరుంబావుకు మొదలైంది. దానికి నేనేమీ అనను. దాత పేరు రెక్కమీద రాసిన ఫ్యాను తిరగలేదు, పోనీ. నా బాధంతా తమరి గురించే. తమరు రాకపోయుంటే నేను ఆశ పెట్టుకునేవాణ్ణి కాదు. తమరి వెనకే తమ్ముడు ‘మరొక్క విషయం’ వచ్చాడు. అతని వెనక ‘ఇది చెప్పి ముగిస్తాను’. ముగ్గురూ తలా ఒక అధ్యాయం చదివించారు.

ఆ రాత్రి ఈగలపెంటలో మా తమ్ముడి బిడ్డ కేకు కోయాలి. అడవి మొదట్లోని మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దాటితేనే ఈగలపెంట. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ గేటు వేసి ఉంటుందని ఉమ్మడి పాలమూరు జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. చీకట్లో రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకూడదని ఆ ఏర్పాటు. నాకేమీ అభ్యంతరం లేదు.

కానుకలు, ఆశీర్వాదం, ప్రేమవిందు పొట్లం అన్నీ అయి బయల్దేరేసరికి 8:43. గేటు ముందుకు చేరేసరికి 9:04.

నాలుగు నిమిషాలయ్యా! నీ యాభై ఐదు నిమిషాల్లో ఒక్క ఐదు మిగిల్చి ఉంటే నీ సొమ్మేం పోయేది? “సార్, అడవికి తొమ్మిదంటే తొమ్మిదే” అన్నాడు గేటు దగ్గరి మనిషి. ఒక్కసారి చెప్పాడు. చివరిగా అనలేదు, మరొక్కసారి అనలేదు. అతన్ని మన చర్చిలో పెట్టుకుంటే ఎంత బాగుండు! వెనక్కి పోదామంటే అక్కడ ఆల్‌నైట్ ప్రేయర్ మొదలైంది. అంటే అక్కడా నువ్వే ఉంటావు.

మూసేసిన టీకొట్టు పక్కన కారులోనే పడుకున్నాం. పదకొండు దాటాక పొట్లంలోని బగారన్నం, కోడికూర వాసనకు అడవి పందులు దిగాయి. ఒకటి తాపీగా వచ్చి ముందు బంపరుకు వీపు రుద్దుకోవడం మొదలుపెట్టింది. కారు ఉయ్యాలలా ఊగింది. సెల్‌ఫోన్ లైటు వేస్తే మెడ మీద వెంట్రుకలు చీపురు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. హారన్ కొడదామంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. “కొట్టకండి, దాని పని అదే అయిపోతుంది” అంది. నిజంగానే రెండు నిమిషాల్లో అయిపోయింది. పందికున్న పాటి ముగింపు జ్ఞానం నీకు లేదు!

పొద్దున ఆరింటికి గేటు తీశారు. ఫరహాబాద్ దాకా కోతులు రోడ్డు పక్కన లైనుకట్టి కూర్చున్నాయి. వాటికి తిండి పెట్టకూడదని బోర్డులు ఉన్నాయి. మేము పెట్టలేదు. అద్దం వేలెడు దించితే అవే తీసుకున్నాయి: పొట్లం, దాంతో పాటు మా అత్తగారి బైబిలు జిప్పు కవరు. బైబిలు వదిలేశాయి. కవరు మాత్రం చింతచెట్టు మీద కొండెంగల పక్కన వేలాడుతోంది.

2014లో ఈ అడవి ఉన్న నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వును కూడా రెండు రాష్ట్రాలు పంచుకున్నాయి. కృష్ణకు ఇటువైపుది అమ్రాబాద్ అయింది. నిన్ను మాత్రం ఎవరూ పంచలేకపోయారు. రెండు ఒడ్డుల్లోనూ పూర్తిగా ఉన్నావు.

ఒకటి ఒప్పుకోవాలి. వటవర్లపల్లి దాటాక మంచులోంచి చుక్కల దుప్పులు పదకొండు, ఒకదాని వెనక ఒకటి రోడ్డు దాటాయి. చివరిది మధ్యలో ఆగి మావైపు చూసింది. రాత్రి గేటు దొరికి ఉంటే అవి మాకు కనపడేవి కావు. మా ఆవిడ ఈ మాట ఇప్పటికి నాలుగుసార్లు గుర్తుచేసింది.

పాస్టరుగారు ఫోన్ చేశారు. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలట, మూడు నిమిషాలు చాలట. నిన్న అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. తొమ్మిది నిమిషాలు దాటింది, పంది ఇంకా బంపరు దాకా రాలేదు.