సముద్రానికి గోడల్లేవు, చేపకు ఇల్లుంది

చెన్నై కొళత్తూరులో రంగు చేపలమ్మే వీధికి మొన్న ఆదివారం మా అమ్మాయిని తీసుకెళ్లాను. ఉప్పునీటి చేపలుండే ఒక కొట్లో పక్కపక్క తొట్టెల్లో రెండు రకాల క్లౌన్ ఫిష్‌లున్నాయి. అదే నారింజ రంగు, అవే మూడు తెల్ల పట్టీలు. ఒకదాని మీద ఒసెల్లారిస్ అనీ, ఇంకోదాని మీద పెర్కులా అనీ రాసి ఉంది. "రెండూ ఒకటే కదా నాన్నా?" అంది. కొట్టతనిది నెల్లూరు వైపు. "కాదమ్మా, వీపు మీది ముళ్లు లెక్కపెట్టు" అన్నాడు. ఫొటో తీసి, జూమ్ చేసి చూశాం. ఒకదానికి 11, రెండోదానికి 10. "అంతేనా తేడా?" అంది పాప.

ఒసెల్లారిస్ మన అండమాన్ నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది. పెర్కులాది పాపువా న్యూ గినీ, సోలమన్ దీవుల వైపు. ఒకే మూలం నుంచి వచ్చిన ఈ రెండూ ఎలా విడిపోయాయి?

నేల మీదైతే మధ్యలో కొండో నదో అడ్డం వచ్చిందనుకోవచ్చు. సముద్రంలో ఆ అడ్డం ఏది? పైగా పగడపు దిబ్బల చేపల్లో చాలావాటి పిల్లలు గుడ్డులోంచి రాగానే లార్వాలుగా వారాల తరబడి నీటి వాలున కొట్టుకుపోతాయి. అన్నీ అలా కలగలిసిపోతుంటే కొత్త జాతులు పుట్టడమే కష్టం కావాలి. కానీ సముద్రపు అడుగులో ఒక్క శాతం కూడా లేని పగడపు దిబ్బల్లో వేల జాతుల చేపలున్నాయి.

అడ్డాలు అసలు లేవని కాదు. దాదాపు 30 లక్షల ఏళ్ల కిందట పనామా దగ్గర నేల పైకి లేచి రెండు మహాసముద్రాలను విడదీసింది. ఒకటిగా ఉన్న చేపలు అటొకటి, ఇటొకటిగా జంట జాతులయ్యాయి. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు దిగినప్పుడు సుమత్రా, జావా, బోర్నియో కలిసి ఒకే నేలగా ఉండేవి. హిందూ మహాసముద్రం, పసిఫిక్‌ల మధ్య దారి ఇరుకైపోయింది. అమెజాన్ నది తెచ్చే మంచినీరు, బురద కూడా బ్రెజిల్ దిబ్బలకూ కరీబియన్ దిబ్బలకూ మధ్య తెరలా నిలిచాయి.

అయితే నా దృష్టిలో అసలు కథ గోడలది కాదు, ఇళ్లది. పాపువా న్యూ గినీలోని కింబే ద్వీపం దగ్గర పిల్ల క్లౌన్ ఫిష్‌లను పరిశీలిస్తే సుమారు 60 శాతం పుట్టిన దిబ్బకే తిరిగొచ్చాయని 2007లో తేలింది. నెలకు పైగా నీళ్లలో తిరిగొచ్చే ఒక సీతాకోక చేప విషయంలోనూ దాదాపు అంతే. క్లౌన్ ఫిష్ తాను కాపురముండే సీ ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) పక్కనే రాతి మీద గుడ్లు పెడుతుంది. పిల్ల ఆ ఎనిమోన్ వాసన గుర్తుపెట్టుకుని, కాస్త పెరిగాక అలాంటి ఎనిమోన్‌నే వెతుక్కుంటుంది. గోబీలు ఇంకా గడుసువి. బొటనవేలంత కూడా ఉండని ఈ చేపలు పగడపు కొమ్మల సందులోనే కాపురం పెట్టి, అక్కడే గుడ్లు పెడతాయి. వాటిలో కొన్ని వేరే రకం పగడంలోకి మారి అక్కడే జతకట్టడం మొదలుపెడితే, పాతవాటితో పొత్తు తెగిపోతుంది. మధ్యలో ఏ కొండా అక్కర్లేదు. పాపువా న్యూ గినీ గోబీల్లో ఇలా కొత్త జాతి పుట్టిందనడానికి 2004లో ఆధారాలు చూపించారు.

మరో దారి రంగు. కరీబియన్‌లోని హామ్లెట్ చేపల్లో డజనుకు పైగా జాతులున్నాయి. జన్యువులు దాదాపు ఒకటే. సాయంత్రం పొద్దుగూకే వేళ ఎక్కువగా తమ రంగువాటితోనే జతకడతాయి. 2019లో జన్యువులు పోల్చి చూసినప్పుడు, తేడాలు ముఖ్యంగా చూపుకూ ఒంటి రంగుకూ సంబంధించిన చోట్ల కనిపించాయి. చూసే కన్నూ, కనిపించే రంగూ కలిసి జాతిని విడిగా నిలబెడుతున్నాయన్నమాట.

ఇది తెలిశాక మన దగ్గర దిబ్బల గురించి జరిగే చర్చ వింటే నాకు దిగులేస్తుంది. తూత్తుకుడికీ రామేశ్వరానికీ మధ్య మన్నార్ సింధుశాఖలో 21 దీవులుంటే, పగడాల తవ్వకం వల్ల రెండు నీట మునిగాయి. 1998, 2010, 2016లలో వేడికి పగడాలు రంగు పోయి తెల్లగా పాలిపోయాయి. అయినా "ఒక దిబ్బ పోతే పక్క దిబ్బ పిల్లలొచ్చి నింపుతాయిలే" అనే ధీమా వినిపిస్తూనే ఉంటుంది. సగానికి పైగా పిల్లలు పుట్టింటికే తిరిగొచ్చే చోట ఆ ధీమా తప్పు. పునరుద్ధరణ పేరుతో త్వరగా పెరిగే ఒకటి రెండు రకాల పగడాలే నాటి, ఇంత శాతం కప్పామని లెక్క చెప్పడమూ చాలదు. గోబీకి శాతంతో పని లేదు, దానికి తన పగడమే కావాలి.

నీటి సంగతి ఇంకా తీవ్రమైనది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో నీళ్లు మురికై, రంగులు కనబడక, విడిగా ఉండాల్సిన సిక్లిడ్ చేపలు కలిసిపోవడం 1990లలోనే గమనించారు. ఒక్క చేపనూ చంపకుండానే జాతులు చెరిగిపోయాయి. అది మంచినీటి సరస్సే. కానీ రంగు చూసి జత ఎంచుకునే దిబ్బ చేపలకూ అదే ముప్పు ఉందని నా భయం. డ్రెడ్జింగ్‌లో (సముద్రపు అడుగు తవ్వడంలో) లేచే బురద, పట్టణాల మురుగు దిబ్బల మీదికి చేరుతుంటే, మనం మాత్రం చచ్చిన పగడాన్నే లెక్కేస్తున్నాం. తీరంలో ఏ పనికి అనుమతి ఇచ్చినా, నీళ్లలో ఎంత లోతు దాకా వెలుగు దిగుతోందో ముందూ తర్వాతా కొలిచి, ఆ అంకెలు జనం ముందు పెట్టాలి. ఏ పగడంలో ఏ చేప కాపురం ఉంటోందో దీవి దీవికీ రాసిపెట్టాలి.