మంచం కింద నవ్వు

కథలు చదివితే ఎదుటివాళ్ల మనసు తెలుస్తుందా అని ఈమధ్య చదివిన ఓ వ్యాసంలో అడిగారు. నా వరకు 1910లో వచ్చిన గురజాడ కథ ‘దిద్దుబాటు’ చాలు. కాలేజీలో చదివినప్పుడు అది సానిపాటల పిచ్చి ఉన్న మొగుడికి పెళ్లాం చెప్పిన బుద్ధి, అంతే. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న.

పెళ్లయ్యాక ఓ రాత్రి ఫ్రెండ్స్‌తో తిరిగి ఒంటిగంటకి ఇంటికొచ్చాను. టేబుల్ మీద మూతపెట్టిన కంచం, పక్కన గ్లాసుతో నీళ్లు. మా ఆవిడ అటు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. ఒక్క మాట తిట్టినా బాగుండు అనిపించింది! అప్పుడు గుర్తొచ్చాడు ఆ కథలో మొగుడు గోపాలరావు, ఖాళీ మంచం చూసి బెంబేలెత్తి, కోపమంతా నౌకరు రాముడి మీద చూపించినవాడు. తప్పు తనది, దెబ్బలు రాముడికి. నేనూ అంతే, ఆ మర్నాడు పొద్దున కాఫీ చల్లారిందని మా అబ్బాయి మీద అరిచాను.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. పుట్టింటికి పోతున్నానని ఉత్తరం రాసిపెట్టి, మంచం కింద దాక్కుని, చివర్లో అతని పెళ్లాం కమలిని అంత హాయిగా ఎలా నవ్వగలిగింది? మా ఆవిడనడిగితే, “ఆ కథ రాసింది మగవాడు కదండీ” అంది.