నూరు నిండని బండి

విజయనగరంలో మా ప్రహరీకి అవతల ఇల్లు అక్కాతమ్ముళ్లది. అక్క సత్యవతమ్మ ఇంట్లోనే పాలు అమ్ముతుంది. క్యాన్లు మోసే మోటారు సైకిల్ పొగ కక్కుతోందని తమ్ముడు అప్పలరాజు ఇంజిన్ విప్పి, వాకిట్లో పాత చీర పరిచి, కొలతలు తీసే వెర్నియర్ పట్టుకుని కూర్చున్నాడు. గోడ పక్క మందారానికి నీళ్లు పోసే పని నాకు ఆ పూట ఎంతకీ తెమలలేదు.

తమ్ముడు: అరుగుదల వదిలేస్తే బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ జరిగే దూరం, 49.5. సెంటీమీటర్లలో వేద్దాం. బోరులో సగం 2.5. దాన్ని దానితోనే గుణిస్తే 6.25. దాన్ని 3.1416తో, వచ్చినదాన్ని 4.95తో గుణిస్తే 97.19 సీసీ. సిలిండర్ ఒక్కటే కనుక అంతే.

అక్క: ఎంతా?

తమ్ముడు: 97.19.

అక్క: నేను డబ్బు కట్టింది నూరు సీసీ బండికి.

తమ్ముడు: అది పిలుపు అక్కా. దగ్గర్లో ఉన్న నిండు అంకె చెబుతారు.

అక్క: అలాగా. రేపటి నుంచి నేనూ లీటరుకు కాస్త తగ్గించి పోసి, నిండు అంకె చెబుతాను. గంటస్తంభం దాకా వినిపించేలా తిడతారు.

తమ్ముడు: పాలు వేరు, సీసీలు వేరు.

అక్క: సీసీ అంటే ఏమిటి?

తమ్ముడు: ఘన సెంటీమీటరు. అంటే ఒక మిల్లీలీటరు.

అక్క: మరి పాలు వేరంటావేమిరా?

(అప్పలరాజు చాలాసేపు పిస్టన్ తుడిచాడు. అంత మసి దానికి లేదు. నా మటుకు నేను అప్పటికే సత్యవతమ్మ పక్షం.)

తమ్ముడు: తగ్గింది మూడు సీసీలైనా కాదు. అర చెంచా!

అక్క: అర చెంచా మజ్జిగతో గిన్నెడు పాలు తోడుకుంటాయి.

తమ్ముడు: ఎవరూ తాగేసింది కాదు అది. ఇంజిన్ లోపలి జాగా!

అక్క: జాగా అయితే మరీ ఘోరం. పెరడు జానెడు తగ్గిందని సర్వేయరును పిలిచింది నువ్వు కాదూ? సరే, ఆ మూతలో గుంట ఉందిగా, అది కలిపావా?

తమ్ముడు: హెడ్‌లో ఖాళీ లెక్కలోకి రాదు. పిస్టన్ కింది నుంచి పైకి ఎంత మేర జరుగుతుందో అంతవరకే.

అక్క: ఇక్కడేమో అంచు దాకా కొలవవు. నీ గ్లాసులో పాలు మాత్రం పొర్లిపోవాలి.

తమ్ముడు: మన అల్లుడి బుల్లెట్‌ను 350 అంటారా? బోరు 70, స్ట్రోకు 90. లెక్క వేస్తే 346.36.

అక్క: నిజంగా? అల్లుడుగారు పెళ్లిలో అలిగి మరీ పుచ్చుకున్న బండి కదరా అది! పైడితల్లి ఊరుకుంటుందా?

(ఆ సంతోషంతో గొడవ ఆగుతుందనుకున్నాను. ఆగలేదు.)

తమ్ముడు: మనకు సిలిండర్ అరిగింది. బోరింగ్ చేయించి, అంటే లోపల కాస్త కోయించి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేయించాలి.

అక్క: అప్పుడెంత?

తమ్ముడు: 98.17.

అక్క: ఒక సీసీ వెనక్కి వచ్చింది! తరువాత?

తమ్ముడు: మళ్లీ అరిగితే అర మిల్లీమీటరు. 99.15. ఆపైన ముప్పావు...

అక్క: మింగేశావేం?

తమ్ముడు: 100.13.

అక్క: ఆ ముప్పావుదే వేయించు.

తమ్ముడు: అక్కా! కోసిన కొద్దీ గోడ పలచబడుతుంది. మూడు సార్లకు సరిపోయే ఆయుష్షు ఒక్కసారే హరించుకుపోతుంది.

అక్క: నూరు నిండితే ఆయుష్షు తగ్గే బండిని ఏరికోరి తెచ్చావురా. పోనీ, పావుదే వేయించు. (కొంగు ముడి విప్పి) ఇదిగో డబ్బు. ఆ నూనె చేతులతో కంచం ముట్టుకోకు, నేనే కలిపి పెడతాను. నోరు తెరువు.

తమ్ముడు: (నములుతూ) పప్పులో ఉప్పు తగ్గింది.

అక్క: అర చెంచాయే కదా!