టీటా వాళ్ళ రీయూనియన్‌లో మాయమైన పళ్ళు

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదివిన మన తెలుగు పిల్లల్ని ఎవర్ని కదిపినా మెస్ సాంబారు గురించి, ఎన్‌మ్యాట్ (అక్కడి మెడిసిన్ ఎంట్రన్స్) గురించి, ఇండియా వచ్చాక రాయాల్సిన స్క్రీనింగ్ పరీక్ష గురించి చెప్తారు, అవన్నీ మీరు విన్నవే. నేను చెప్పేది మా ఇంటి ఓనరు టీటా వాళ్ళ ఎలిమెంటరీ స్కూలు బ్యాచ్ గురించి. అక్కడ ఆంటీల్ని టీటా అంటాం, అంకుల్స్‌ని టీటో అంటాం, ఆవిడ మాత్రం నా పేరు పలకలేక "దోంగ్" అని పిలిచేది. కుర్రాళ్ళందర్నీ అక్కడ అలాగే పిలుస్తారు లెండి, నేనేం చెయ్యలేదు.

ఇది 2018 డిసెంబర్ సంగతి. ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్ సెప్టెంబర్ ఒకటో తారీఖునే మొదలవుతుంది, మాల్స్‌లో పాటలు, ఇళ్ళకి లైట్లు, అలా నాలుగు నెలలు సాగదీసి సాగదీసి డిసెంబర్‌కి వచ్చేసరికి అమెరికా నుంచి, సౌదీ నుంచి, ఓడల మీద నుంచి జనం పెద్ద పెద్ద అట్టపెట్టెలు మోసుకుని దిగుతారు, దిగగానే రీయూనియన్లు. టీటా వాళ్ళది 1982 మార్చిలో ఆరో గ్రేడు పాసైన బ్యాచ్. అందరికీ ఒకటే రంగు టీషర్టులు కుట్టించారు, సైజులు ఎవరివి వాళ్ళే గ్రూపులో పెట్టమన్నారు, అందరూ పెళ్ళినాటి సైజు పెట్టారు. ఫలితం ఆ సాయంత్రం మా పెరట్లో నిలబడి ఉంది, ఊపిరి పీల్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తూ.

వాళ్ళలో ఒకాయన బ్యాంకు మేనేజరు, ఒకావిడ బరాంగాయ్ మెంబరు అంటే మన వార్డు మెంబరు టైపు, ఒకాయన రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ పోలీసు. ఒకాయన జెద్దాలో ఇరవై ఏళ్ళు పైపులు బిగించి వచ్చాడు, క్యాంపులో పక్క మంచాలన్నీ మన కరీంనగర్ వాళ్ళవేనట, నన్ను చూడగానే "అన్నా, మంచిగున్నవా?" అన్నాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనైంది. ఆ సౌదీ టీటోనే ఈ కథకి హీరో, కాదు, ఆయన పైవరస పళ్ళు హీరో.

అందరూ ఒకరి మీద ఒకరు పడి అరుచుకుంటుంటే గేటు దగ్గర ట్రైసికిల్ (మన ఆటో లాంటిది) ఆగింది. చిన్న మనిషి, డెబ్భై ఎనిమిదేళ్ళు, తెల్ల జుట్టు నున్నగా దువ్వి, చంకలో నల్ల హ్యాండ్ బ్యాగు. నాలుగో గ్రేడు మ్యామ్. ఎవరూ ఏమీ అనుకోలేదు, ముందే ప్లాన్ చేసుకున్నదీ కాదు, కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి, ఆ పోలీసాయన నోట్లో లుంపియా రోల్ అలాగే పెట్టుకుని లేచాడు, అందరూ కలిసి రాగం తీసి "గూ...డీవినింగ్ మ్యా...మ్" అన్నారు. ఆవిడ "సిడ్డౌన్" అనేదాకా ఒక్కరు కూర్చోలేదు. తర్వాత ఒక్కొక్కళ్ళూ వెళ్ళి ఆవిడ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నారు, పెద్దవాళ్ళ ఆశీర్వాదం అక్కడ అలాగే తీసుకుంటారు, ఆవిడ ఆశీర్వదిస్తూనే ఒకళ్ళిద్దరి గోళ్ళు కూడా చూసింది.

భోజనాల సంగతి ఎక్కువ చెప్పను. లెచోన్ అంటే నిప్పుల మీద కాల్చిన పంది, పాన్సిట్ నూడుల్సు, కినిలావ్ అంటే వెనిగర్లో నానేసిన పచ్చి చేప, హాట్‌డాగ్ ముక్కలేసిన తియ్యటి స్పెగెట్టీ (ఇది పుట్టినరోజు పార్టీల్లో తప్పనిసరి, అలవాటు పడటానికి నాకు ఏడాది పట్టింది), కండెన్స్‌డ్ మిల్కు డబ్బాలకి డబ్బాలు వంచిన ఫ్రూట్ సలాడ్. నేను పులిహోర చేశా. "బాగుంది దోంగ్, చికెన్ ఎక్కడ?" అని నలుగురూ గరిటెతో అడుగుదాకా కెలికారు.

ఇక మొదలైంది అసలు పురాణం. ముందు బన్ను. 1970ల్లో అమెరికా సాయం కింద వచ్చిన సరుకుతో న్యూట్రిబన్ అని చేసి బళ్ళల్లో పంచేవాళ్ళట, గుండ్రంగా, బరువుగా, ఒకటి తింటే సాయంత్రం దాకా ఆకలి మాట ఎత్తక్కర్లేదు. అది ఎంత గట్టిదో చెప్పడంలో పోటీ. దాంతో మామిడికాయలు రాలగొట్టామని ఒకరు, తలకి తగిలి కుట్లు పడ్డాయని ఇంకొకరు, ఆ కుట్టు ఇదిగో అని పోలీసాయన జుట్టు పాయ తీసి చూపిస్తే టీటా, "అది నువ్వు జామచెట్టు మీంచి పడింది, నేను పక్కనే ఉన్నా" అని గాలి తీసేసింది. (2020లో గుమ్మడికాయ గుజ్జు కలిపి కొత్త రకం న్యూట్రిబన్ తీసుకొచ్చారు, కాస్త మెత్తగా చేసి ఉంటారని ఆశ.)

తర్వాత నేల. అక్కడ గవర్నమెంటు బడుల్లో క్లాసురూము పిల్లలే తుడవాలి, సోమవారం ఒక గ్రూపు, మంగళవారం ఒక గ్రూపు, వాళ్ళ పేరే క్లీనర్స్. ఎర్ర ఫ్లోర్ వాక్స్ నేలకి పట్టించి, కొబ్బరికాయ డొప్ప పీచువైపు నేలకి ఆనించి, దాని మీద ఒక కాలు పెట్టి, నడుం తిప్పుతూ ముందుకీ వెనక్కీ రుద్దాలి. బునోత్ అంటారు దాన్ని. బ్యాంకు మేనేజరు లేచి వట్టి నేల మీద చేసి చూపించాడు, ఆ వయసులో, ఆ టీషర్టులో. ఎడం కాలు ఒకటే లావవుతుందని వారం మార్చి వారం కాలు మార్చేవాడట. ఆయనే రోజూ టెస్టుకి పక్కవాళ్ళ దగ్గర కాగితం అడుక్కునే బాపతు అని తెలిసింది. అక్కడ టెస్టు పెడితే "వన్-ఫోర్త్ షీట్" అంటారు, మన ఠావులో నాలుగోవంతన్నమాట, మూడేళ్ళలో ఆయన తీసుకున్న కాగితాలకి లెక్క లేదు, ఒక్కటీ తిరిగివ్వలేదు. ఇవాళ ఊరందరికీ లోన్లిచ్చేది ఆయన. వార్డు మెంబరు గారు వడ్డీతో సహా ఎంతవుతుందో ఫోన్లో లెక్కేసి మరీ చూపించింది.

బళ్ళో బిసాయా, అంటే వాళ్ళ ఇంటి భాష, మాట్లాడితే ఐదు సెంటావోల (మన పైసల్లాంటివి) ఫైనట. కాన్వెంట్లో తెలుగు మాట్లాడి రూపాయి కట్టినవాణ్ణి, నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది. ఆ ఫైన్ డబ్బులు ఏమయ్యేవో అన్న డౌటు ముప్పై ఆరేళ్ళుగా వీళ్ళ గుండెల్లో ఉంది, అడిగే ధైర్యం పోలీసుకి కూడా లేదు. మ్యామ్ తాపీగా సలాడ్ తింటోంది.

రోబో బొమ్మల సీరియల్ వోల్టెస్ ఫైవ్ సంగతి వచ్చేసరికి మాత్రం నవ్వులు ఆగిపోయాయి. దేశమంతా పిల్లలు పిచ్చెక్కి చూస్తున్న టైములో, 1979లో, హింస ఎక్కువైందని అప్పటి అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం ఆపేయించింది, అదీ సరిగ్గా కథ ముగిసే ముందు. ఆయన పెట్టిన మార్షల్ లా (సైనిక పాలన) గురించి వీళ్ళకి తెలిసిన మొట్టమొదటి అన్యాయం అదే. దాని పక్కనే ఇంకో అన్యాయం, మనీలా వైపు పిల్లలకి తుఫాను సిగ్నల్ పడితే బడికి సెలవు, దవావోకేమో తుఫానులు రావడమే అరుదు. "రేడియోలో పైనెక్కడో సిగ్నల్ టూ అని చెప్తుంటే మేం యూనిఫాం వేసుకుంటూ ఏడ్చేవాళ్ళం" అని సౌదీ టీటో చెప్తుండగా ఆయన భార్య సంచిలోంచి తిరా-తిరా తీసింది. బెల్లప్పాకం లాగి లాగి ఆరబెట్టిన మిఠాయి పుల్లలు. ఆయన ఇరవై ఏళ్ళు జెద్దాలో కలలు కన్న మిఠాయి. భార్య "వద్దండీ" అంటూనే ఉంది, ఆయన కటుక్కున కొరికాడు, దవడ ఆడించాడు, ఆగాడు, మొహం అటు తిప్పుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి మనిషి మారిపోయాడు. పై ముందు పళ్ళు నాలుగూ గులాబీ రంగు ప్లేటుతో సహా మిఠాయికి అంటుకుని బయటికొచ్చేశాయి.

అక్కడ కట్టుడుపళ్ళు పెద్ద రహస్యమేం కాదు, జోకులేసుకుంటారు, కానీ బ్యాచ్ ఫొటో ఇంకా తియ్యలేదు. ఆయన టిష్యూలో చుట్టి, మిఠాయి నానితే ఊడొస్తుంది అనుకుని, ఖాళీ పాలడబ్బాలో కాసిని నీళ్ళు పోసి అందులో పెట్టి, డబ్బాని మ్యామ్ కూర్చున్న టేబుల్ చివర భద్రంగా ఉంచి పాటకెళ్ళాడు. పళ్ళు లేకుండా పాడినా తొంభై ఆరు మార్కులిచ్చింది వీడియోకే మిషను, అదే పాటకి మార్కులేసే కరవోకే.

దవావోలో రాత్రి తొమ్మిది దాటితే కరవోకే బంద్, అది ఆ ఊళ్ళో నిజంగా పాటించే రూలు. తొమ్మిదింటికి టీటా ప్లగ్గు పీకేసింది. నలభై ఎనిమిదేళ్ళ మనుషులు, కడుపునిండా లెచోన్, పాటల్లేవు, నిద్ర రాదు. అప్పుడు ఎవరో అన్నారు, తుంబా లాతా ఆడదామని. మన ఏడు పెంకులాటకి దగ్గరి చుట్టం అనుకోండి. సున్నా గీసి మధ్యలో డబ్బా నిలబెడతారు, ఒకడు కాపలా. మిగతావాళ్ళు గీత దగ్గర నిలబడి చెప్పులు విసిరి డబ్బాని పడగొట్టాలి, కాపలావాడు దాన్ని తెచ్చి మళ్ళీ నిలబెట్టేలోపు ఎవరి చెప్పు వాళ్ళు తెచ్చుకుని గీత దాటాలి. డబ్బా కావాలి అన్నారు. టేబుల్ చివర ఉంది కదా. అడుగున కాసిని నీళ్ళుంటే బ్యాంకు మేనేజరు చీకట్లోకి విసిరి పారబోసి తెచ్చాడు.

ఆ ఆట నేను జన్మలో మర్చిపోను. వార్డు మెంబరు గారి చెప్పు పక్కింటి రేకుల మీద పడింది. పోలీసాయన డబ్బా కాపలా, ఒక్క దొంగని పట్టుకోలేకపోయాడు. టీటా విసిరిన చెప్పుకి డబ్బా ఎగిరి, గోడకి కొట్టుకుని, రోడ్డు మీదకి దొర్లింది, వీధికుక్క ఒకటి దాన్ని వాసన చూసింది, అందరూ చప్పట్లు. అప్పుడు సౌదీ టీటో నీళ్ళు తాగడానికి టేబుల్ దగ్గరికెళ్ళాడు.

"దబ్బా ఏదీ?" అన్నాడు. ముందు పళ్ళు లేకపోవడంతో ఎవరికీ అర్థం కాలేదు. చేత్తో నోరు చూపించాడు, తర్వాత రోడ్డు చూపించాడు. అర్థమయ్యాక ఎవరికీ నవ్వే ధైర్యం చాలక అందరూ ఒకేసారి నేల చూశారు.

ఫోన్ లైట్లు వేసుకుని వెతుకులాట. గడ్డిలో, కాలవలో, దురియన్ చెట్టు మొదట్లో. కుక్క మింగిందని ఒక థియరీ బయల్దేరింది. "డాక్టరూ, కొంచెం దాని కడుపు నొక్కి చూడు" అని నన్ను ముందుకి తోశారు. నేనింకా బీఎస్‌లోనే, అంటే మెడిసిన్‌కి ముందు డిగ్రీలోనే ఉన్నానండీ, ఎండీ, అదే అక్కడి అసలు మెడిసిన్ కోర్సు, మొదలే కాలేదు, మనిషి కడుపు నొక్కడమే నేర్పలేదు అంటే వినేవాళ్ళెవరు. కుక్క నా వంక చూసింది, నేను కుక్క వంక చూశా, ఇద్దరం వద్దనుకున్నాం.

అప్పుడు మ్యామ్ లేచింది. రెండు చప్పట్లు కొట్టింది. "ఇలా వెతికితే పొద్దుటిదాకా దొరకదు. లైన్లో రండి, హైటు ప్రకారం." వచ్చారు. సోమవారం క్లీనర్స్ గోడవైపు, మంగళవారం వాళ్ళు చెట్టువైపు, బుధవారం వాళ్ళు టేబుళ్ళ కింద. తమాషా ఏంటంటే ఎవరిది ఏ వారమో ఎవరూ అడగలేదు. పళ్ళు ఏ ప్లేటు కింద ఉన్నాయో ఏ గ్లాసులో ఉన్నాయో అని, ఎత్తిన ప్రతి పేపర్ ప్లేటూ విదిలించి చూసి సంచిలో వెయ్యమంది, బాటిళ్ళు ఒక మూల, ఎముకలు ఒక కవర్లో, పడిన ఆకులు కూడా ఊడ్చి చూడమంది. బ్యాంకు మేనేజరు కుర్చీలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టాడు. గంట గడిచింది. మ్యామ్ ఒకసారి పెరడంతా కలియతిరిగి, చెట్టు కింద మిగిలిపోయిన స్ట్రా ఒకటి వేలితో చూపించి, అది కూడా తీయించి, వచ్చి కుర్చీలో కూర్చుని హ్యాండ్ బ్యాగు జిప్పు తీసింది.

టిష్యూలో చుట్టి ఉన్నాయి. శుభ్రంగా, మిఠాయి కూడా గీకేసి.

"తిండి బల్ల మీద ఇలాంటివి పెట్టొద్దని చెప్పానా లేదా? గోళీకాయలప్పుడూ చెప్పా." సౌదీ టీటో చెయ్యి చాపాడు. ఆవిడ బ్యాగు మూసేసింది.

"మీ అమ్మని తీసుకురా, ఇస్తా."

అందరం జోకనుకున్నాం. ఆవిడ నవ్వలేదు. వాళ్ళమ్మ తాగుమ్ అనే ఇంకో ఊళ్ళో ఉంటుంది, రాత్రి పదిన్నర, పాపం ఆయన వీడియో కాల్ చేశాడు, చాలాసేపు మోగాక తల నిండా క్లిప్పులతో ముసలావిడ ఒకావిడ తెర మీదకొచ్చింది. కొడుకు బోసినోరు చూసింది. వెనక చంకలో బ్యాగుతో నిలబడ్డ మనిషిని చూసింది, కళ్ళు చికిలించి ఇంకోసారి చూసింది, గబగబా క్లిప్పులు పీకేసుకుని గొంతు సవరించుకుంది.

"గుడ్ ఈవినింగ్ మ్యామ్. ఈసారి ఎవర్ని కొట్టాడండీ?"